డేవిస్ సీటు వదులుకుని ఓలోనీలో చేరాలా?

ప్రశ్న: మాది ఫ్రీమాంట్. మా అమ్మాయికి యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) డేవిస్‌లో బయాలజీ సీటు వచ్చింది. పిల్లల చదువు కోసం దాచే 529 ఖాతాలో 72 వేల డాలర్లున్నాయి. ఇద్దరి జీతాలూ కలిపి లక్షా యాభై వేలు, గ్రీన్‌కార్డు ఉంది. తక్కువపడేదానికి తల్లిదండ్రులకు ప్రభుత్వం ఇచ్చే పేరెంట్ ప్లస్ లోన్ తీసుకుందామంటారు మావారు. రెండేళ్లు ఇక్కడి కమ్యూనిటీ కాలేజీ ఓలోనీలో చదివి డేవిస్‌కి మారతానంటుంది అమ్మాయి. ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మాయి మాట వినండి. కాకపోతే రెండేళ్లలో ఓలోనీ నుంచి బయటపడే దారి ఇప్పుడే కాగితం మీద కనిపించాలి.

డేవిస్‌లో ఫీజు, హాస్టల్, భోజనం అన్నీ కలిపి ఏడాదికి నలభై వేలు దాటుతుంది. నాలుగేళ్లకు లక్షా డెబ్బై వేలనుకుంటే, 529 పోగా దాదాపు లక్ష డాలర్ల అప్పు. పేరెంట్ ప్లస్ వడ్డీ 9 శాతానికి దగ్గర్లో ఉంది. డబ్బు చేతికి రాకముందే 4 శాతం పైన ఫీజు కోసుకుంటారు. పైగా 2026 జులై నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు ఒక్కో బిడ్డకు 65 వేలకు మించి ఇవ్వరు. ఈ అప్పు తల్లిదండ్రుల పేరునే ఉంటుందన్నది మీవారికి గుర్తుచేయండి.

ఓలోనీలో ఫీజు యూనిట్‌కు (క్రెడిట్‌కు) 46 డాలర్లు. ట్రాన్స్‌ఫర్‌కు కావలసిన 60 యూనిట్లకూ కలిపి 2,760. కాలేజ్ ప్రామిస్ అనే రాష్ట్ర పథకం కింద, మొదటిసారి చేరే ఫుల్‌టైమ్ పిల్లలకు చాలా కమ్యూనిటీ కాలేజీలు ఆ ఫీజు కూడా తీసుకోవు. ఇంట్లో ఉంటే ఖర్చే లేదనుకోకండి. కారు, టీనేజ్ డ్రైవర్‌కు ఇన్సూరెన్స్ కలిస్తే ఫీజు చిన్నబోతుంది! అయినా డేవిస్‌లో చివరి రెండేళ్లకు కావలసిన 85 వేలలో 72 మీ దగ్గర ఉన్నట్టే. రెండేళ్లలో వాడాల్సిన డబ్బు కాబట్టి 529లో షేర్ల వాటా ఇప్పుడే తగ్గించండి.

అసలు చిక్కు కెమిస్ట్రీతో. జనరల్ కెమిస్ట్రీ రెండు సెమిస్టర్లు, దాని తర్వాతే ఆర్గానిక్ రెండు సెమిస్టర్లు. మొదటి సెమిస్టర్‌లో ల్యాబ్ సీటు దొరక్కపోయినా, ముందు మ్యాథ్ పూర్తి చేయాల్సి వచ్చినా గొలుసు తెగి మూడో ఏడాది పడుతుంది. అంటే ఉద్యోగం ఒక ఏడాది ఆలస్యం. మిగిలిందనుకున్న దాంట్లో పెద్ద ముక్క అక్కడే పోతుంది. ఓలోనీలో ఏ కోర్సు డేవిస్‌లో దేనికి చెల్లుతుందో అసిస్ట్ వెబ్‌సైట్‌లో మేజర్ వారీగా ఉంది, అమ్మాయినే కూర్చుని చూడమనండి.

డేవిస్‌తో సహా ఆరు యూసీ క్యాంపస్‌లు కమ్యూనిటీ కాలేజీ నుంచి మారేవాళ్లకు ట్యాగ్ పేరుతో సీటుకు హామీ ఇస్తాయి. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియాగో ఇవ్వవు. ఒక్క క్యాంపస్‌కే పెట్టుకోవాలి, అదీ చేరబోయే ఏడాదికి ముందటి సెప్టెంబర్‌లోనే. జీపీఏ, ముందస్తు కోర్సుల షరతులు మేజర్‌ను బట్టి ఉంటాయి. కంప్యూటర్ సైన్స్ పిల్లలైతే ఇంత ధీమాగా చెప్పేవాణ్ని కాదు. శాంటా బార్బరా మొత్తం ఇంజినీరింగ్ కాలేజీనే ఈ హామీ నుంచి తప్పించింది.

పన్ను సంగతి ఒకటుంది. మీ ఆదాయానికి, కాలేజీ ఖర్చుకుగాను పన్నులో తగ్గించే అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ ఏటా 2,500 డాలర్ల దాకా వస్తుంది, కానీ నాలుగు పన్ను సంవత్సరాలకే. చదువు ఐదు క్యాలెండర్ సంవత్సరాల్లో పరుచుకుంటుంది కనుక, ఖర్చు తక్కువగా ఉండే మొదటి ఏడాది దాన్ని వాడకండి. మిగతా ఏళ్లలో ఫీజు, పుస్తకాల్లో మొదటి 4,000 జేబులోంచి కట్టండి. అదే ఖర్చును 529 నుంచి కూడా తీస్తే క్రెడిట్ చెల్లదు.

మీవారి పక్షానికీ ఒక మాట ఉంది. మీ ఆదాయానికి కాలిఫోర్నియా రాష్ట్రం ఇచ్చే మిడిల్ క్లాస్ స్కాలర్‌షిప్ రావచ్చు, అది యూసీలో చదివే ఏళ్లకే వర్తిస్తుంది. డేవిస్ పంపిన ఎయిడ్ లెటర్‌లో (ఆర్థిక సాయం వివరాల ఉత్తరంలో) ఎంత రాశారో చూసి, నా లెక్కలోంచి తీసేయండి. ఏడాదికి పదిహేను వేలు దాటి ఉచితంగా ఇస్తుంటే మళ్లీ ఆలోచించాల్సిందే.

డేవిస్‌కు మే 1 లోపు జవాబివ్వాలి. అంతకుముందే ఓలోనీ కౌన్సెలర్ దగ్గర నాలుగు సెమిస్టర్ల ప్లాన్ రాయించుకోండి. కెమిస్ట్రీ మొదటి సెమిస్టర్‌లో కుదరదంటే నాకు మళ్లీ రాయండి.