నాయన అని పిలిచేది ఎవరు?

అనంతపురం

చిరంజీవి అమ్మాయికి,

పెద్దనాయన ఆశీస్సులు. మన చేలో బోరు వేయించిన రాత్రి గురించి నువ్వు రాసిన కథ అందింది, రెండుసార్లు చదివాను. ఆ రాత్రి బోరు దగ్గర నేనూ ఉన్నాను కాబట్టి మొదటిసారి చదువుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండోసారి మన ఊరు ఎరగని మనిషిలా చదివాను. అప్పుడు మూడో పేజీలో ఆగిపోయాను. పరీక్షల టెన్షన్‌లో ఉన్నావని మీ అమ్మ చెప్పింది. ఈ ఉత్తరం తీరిక ఉన్నప్పుడే చదువు.

నీ కథలో బోరుబండి చేలోకి వచ్చింది. నాలుగు వందల అడుగులు దిగినా తెల్లటి పొడే లేస్తోంది, తడి తగల్లేదు. అంతవరకు మీ నాయన పక్కన నిలబడి చూస్తున్నాను. ఇంతలో ఇంటి దగ్గర మీ అమ్మ మనసులో ఏమనుకుంటోందో చెప్పావు. రెండు వాక్యాలు దాటగానే బండి డ్రైవరుకు తన ఊరు గుర్తొచ్చింది. ఆ వెంటనే ఆ ఇంటి పాపకు కల. ఒక్క పేజీలో నలుగురి తలల్లోకి వెళ్ళొచ్చావు. నలుగురి బాధా నిజమే. కానీ ఎవరి పక్కనా నిలవనివ్వకపోవడంతో ఏ ఒక్కరి బాధా నాలోకి దిగలేదు.

"నేను అని రాయాలా, అతను అని రాయాలా పెద్దనాయనా?" అని అడిగావు. దానికంటే ముందు తేల్చుకోవలసింది ఇంకొకటి ఉంది. ఆ రాత్రిని ఎవరి కళ్ళతో చూస్తున్నాం?

ఇది నాకు నేర్పింది మీ జేజి, అంటే మా అమ్మ. నాకు ముప్ఫై ఏళ్ళప్పుడు, మీ అబ్బ, అంటే మా నాయన, బావి లోతు చేయించడానికి అప్పు తెచ్చిన ఏడాది గురించి ఒక కథ రాశాను. చెప్పేది పదేళ్ళ పిల్లవాడు, అంటే నేనే. అమ్మకు చదువు రాదు కదా, కూర్చోబెట్టి వినిపించాను. అంతా విని ఇట్లా అంది: "పదేండ్ల పిల్లోనికి నూటికి మూడు రూపాయల వడ్డీ సంగతి ఎట్ల తెలుస్తాదిరా? నా చేతికి గాజులు లేవని మాత్రం నీకు తెలుసు. ఆ పొద్దు నా చెయ్యి పట్టుకొని అడిగినావు."

ఆ గాజుల మాట నా కథలో ఎక్కడా లేదు. వడ్డీ లెక్క ఒక పేరా నిండా ఉంది. పెద్దయ్యాక తెలుసుకున్నదంతా పిల్లవాడి నోట్లో కుక్కేసి, ఆ పిల్లవాడు కళ్ళారా చూసినదాన్ని వదిలేశాను. పెద్దయినవాడు తన చిన్నతనాన్ని చెప్పుకుంటే వడ్డీ సంగతి రావచ్చు, తప్పులేదు. అప్పుడు "ఇది నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది" అన్న ఎడం కథలో కనబడాలి. 'నేను' అని రాసినప్పుడు అందులో ఇద్దరుంటారు. ఆనాడు చూసినవాడు ఒకడు, ఈనాడు చెబుతున్నవాడు ఇంకొకడు. ఏ మాట ఎవరిదో రాసేవాళ్ళకు తెలిసి ఉండాలి.

ఇప్పుడు నీ కథ సంగతి. 'అతను' పద్ధతిలోనే రాశానని అనుకుంటున్నావు. మళ్ళీ చూడు. ఆ మనిషికి నువ్వు పేరే పెట్టలేదు, మొదటి నుంచి చివరిదాకా 'నాయన' అనే రాశావు. నాయన అని పిలిచేది ఆ ఇంట్లో ఒక్క పాపే. నేను అన్న మాట ఒక్కసారి కూడా వాడకపోయినా, కథ ఆ పాపదైపోయింది. ఎవరి కథో నీ చెయ్యికి ముందే తెలుసు.

మన తెలుగులో చూపు ఎక్కువగా ఇలాంటి చిన్న మాటల్లోనే ఉంటుంది. అదే మనిషిని మీ అమ్మ చెబితే 'పాప వాళ్ళ నాయన' అవుతాడు. డ్రైవరుకు 'రైతు'. అప్పిచ్చినవాడికి 'వాడు'. ఆయన, అతను, వాడు అన్న మూడింటిలో ఏది రాసినా, చెప్పేవాళ్ళు ఎంత దూరంలో, ఎంత ఎత్తులో నిలబడ్డారో బయటపడుతుంది. ఒకచోట 'ఆయన' అని, నాలుగు వాక్యాల తర్వాత అదే మనిషిని 'వాడు' అన్నావంటే, నీకు తెలియకుండానే చెప్పేవాళ్ళు మారిపోయారన్నమాట.

'తను' అనే మాటను ఇంకా జాగ్రత్తగా వాడు. "నాయనకు నిద్ర పట్టలేదు. తను చేసింది తప్పా?" అని రాస్తే ఆ ప్రశ్న ఆయన లోపలిది. "అనుకున్నాడు" అని తగిలించాల్సిన పనే లేదు. "ఆయన చేసింది తప్పా?" అని రాస్తే బయటినుంచి ఎవరో తీర్పు చెప్పడానికి కూర్చున్నట్టు ఉంటుంది. ఒక్క మాట మార్చితే మనిషి గుండెలోంచి రచ్చబండ మీదికి వచ్చేశాం.

'అంట' కూడా అంతే. "వడ్డీకి తెచ్చినాడంట" అంటే చెప్పేవాళ్ళు చూడలేదు, విన్నారు. పాప తలుపు పక్కన పడుకొని విన్న మాటలన్నిటికీ ఆ 'అంట' ఉండనివ్వు. ఒక్క 'అంట'తో ఆ అమ్మాయికి ఏం తెలుసో, ఎంతవరకు తెలుసో పాఠకుడికి అర్థమైపోతుంది. ఊరి జనం చెప్పే కథ ఎప్పుడైనా రాస్తే మేము, మనం దగ్గర ఆగి ఆలోచించు. "మేము బోరు చుట్టూ నిలబడి చూశాం" అంటే చదివేవాడు గట్టు అవతలే ఉంటాడు. "మనం" అంటే అతన్నీ తెచ్చి పక్కన నిలబెడతావు.

ఒకరి చూపుకే కట్టుబడితే కథ ఇరుకైపోతుందేమో అన్న భయం వద్దు. గురజాడ 1910లో రాసిన 'దిద్దుబాటు' నీకు తెలిసిందే. గోపాలరావు రాత్రి ఆలస్యంగా ఇంటికి వస్తాడు, భార్య కమలిని కనిపించదు, ఉత్తరం మాత్రం దొరుకుతుంది. కమలిని మంచం కిందే ఉందని మనకు ముందే చెబితే ఇక ఆ కథే లేదు. ఆమె ఎక్కడుందో గోపాలరావుకు తెలియదు కాబట్టే, అతని పశ్చాత్తాపం పూర్తయ్యేదాకా మనమూ ఆ గదిలో కదలకుండా ఉంటాం.

అందరి మనసులూ తెలిసినవాడిలా రాయడం కూడా మంచి పద్ధతే, కానీ కష్టం. చిన్నప్పుడు ధర్మవరం దగ్గర నిమ్మలకుంట వాళ్ళ తోలుబొమ్మలాట చూస్తూ ఒకసారి తెర వెనక్కి వెళ్ళాను. ఒకే మనిషి గొంతు మార్చి మార్చి రావణుడికీ హనుమంతుడికీ మాట్లాడుతున్నాడు. ఆయనకు కథంతా తెలుసు, అందరి మాటలూ ఆయనవే. అయినా దీపం ముందుకు ఏ బొమ్మ రావాలో అదే వస్తోంది, మిగతావి పక్కన ఆనించి ఉన్నాయి. నవ్వించే బొమ్మలు కేతిగాడు, బంగారక్క వచ్చి ఊరి మాటలు మాట్లాడినప్పుడు రావణుడు కనబడడు. అన్నీ తెలిసి కూడా, ఎప్పుడు ఎవరిని దీపం దగ్గరికి తేవాలో ఎంచుకునే ఆ ఓపిక నాకు చాలా ఏళ్ళకు గానీ రాలేదు. నీ మూడో పేజీలో నాలుగు బొమ్మలూ ఒకేసారి తెర మీద పడ్డాయి.

ఒక చిన్న జాగ్రత్త. కర్నూలులో ఇంగ్లీషు పుస్తకాలు చదువుతున్నావు కదా. వాళ్ళు ఫస్ట్ పర్సన్ అనేది మనకు ఉత్తమ పురుష, అంటే నేను, మేము. మన వ్యాకరణంలో ప్రథమ పురుష అంటే వాడు, ఆమె, వాళ్ళు. మాటకు మాట పెట్టుకుంటే తలకిందులైపోతుంది.

పాప చూపుతోనే రాయాలనుకుంటే మొదట ఒక కాగితం మీద ఆ అమ్మాయికి తెలియనివన్నీ రాసుకో. అప్పు ఎంత, అడుగుకు ఎంత రేటు, నాయన బండివాళ్ళతో పక్కకు వెళ్ళి ఏం మాట్లాడాడు. వీటిలో ఏదీ నేరుగా రాయకు. ఆ అమ్మాయికి కనిపించింది ఏమిటి? నాయన తల నిండా తెల్లటి పొడి. చేతిలో టెంకాయ పెట్టుకొని నీళ్ళు ఎక్కడున్నాయో చెప్పిన ముసలాయన ఎప్పుడు వెళ్ళిపోయాడో ఎవరూ గమనించకపోవడం. బండి శబ్దం ఆగిపోయాక ఎవరూ మాట్లాడకపోవడం. అవి చాలు.

తర్వాత అదే రాత్రిని డ్రైవరు చూపుతో ఒక్క పేజీ రాయి. దీన్ని కథలో కలపాల్సిన పనిలేదు. అతను ఎండిన బోర్లు ఎన్నో చూసినవాడు, తెల్లవారేసరికి ఇంకో ఊరు చేరాలి. మనింట్లో ఎవరూ మరిచిపోలేని రాత్రి అతనికి మామూలు రాత్రి. ఆ పేజీ రాశాక పాప దగ్గరికి తిరిగి వస్తే, బండి వెళ్ళిపోతున్నప్పుడు డ్రైవరు ముఖంలో ఆ అమ్మాయి ఏం చూసి ఉంటుందో నీకు తెలుస్తుంది.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు రెండూ తెచ్చుకో. నువ్వే పైకి చదువు, నేను కళ్ళు మూసుకొని వింటాను. ఎక్కడెక్కడ ఎవరి పక్కన నిలబడ్డానో చెబుతాను. మీ నాయనను కూడా కూర్చోమందాం.

ఇట్లు
మీ పెద్దనాయన