పాలు చాలడం లేదన్న దిగులులో జ్వరాన్ని మరవకండి

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాము. సిజేరియన్‌తో పాప పుట్టి 11 రోజులైంది. పాలు సరిగా పడలేదు. మా వదిన వాడిన మాత్రలే మందుల షాపులో కొని 3 రోజులుగా వేసుకుంటున్నాను. ఇంకా ఎన్ని రోజులు వాడాలి? పాలపొడి పట్టవచ్చా? నిన్నటి నుంచి ఎడమ రొమ్ము గట్టిపడి సలుపుతోంది. రాత్రి చలిజ్వరం వచ్చింది. పాప ఎక్కువగా నిద్రపోతోంది, రోజుకు 3, 4 సార్లే మూత్రం పోస్తోంది.
- ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలోని చివరి మూడు వాక్యాలకే ముందుగా జవాబు చెప్పాలమ్మా. రొమ్ము గట్టిపడి చలిజ్వరం వచ్చిందంటే అది రొమ్ము వాపు, అంటే మాస్టైటిస్ కావచ్చు. అయితే ఆపరేషన్ కుట్ల దగ్గర గానీ, మూత్రంలో గానీ ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం ఇలాగే వస్తుంది కాబట్టి, పరీక్షించకుండా నేను ఖాయంగా చెప్పలేను. కాన్పు చేసిన డాక్టరుకు ఈరోజే చూపించుకోండి. పారాసిటమాల్‌తో జ్వరం దిగిందని ఆగిపోవద్దు. ఆలస్యం చేస్తే చీము పట్టవచ్చు. అప్పుడు స్కానింగ్ చేసి, సూదితో చీము తీయవలసి వస్తుంది. ఆ రొమ్ము పాలు కూడా పాపకు నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు. స్నానం చేయించేటప్పుడు గడ్డ కరగాలని పెద్దవాళ్లు గట్టిగా పిసుకుతుంటారు. దానివల్ల వాపు ఎక్కువవుతుంది, వద్దని చెప్పండి. చల్లని తడిగుడ్డ వేసుకుంటే కొంత ఉపశమనంగా ఉంటుంది.

పాపను కూడా ఈరోజే పిల్లల డాక్టరుకు చూపించి బరువు తూయించండి. ఈ వయసులో రోజుకు కనీసం 6 సార్లు మూత్రం పోయాలి, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు చేరుకోవాలి. పాలు చాలని బిడ్డ ఏడ్వకుండా మగతగా పడి ఉండటం కూడా ఉంటుంది, దాన్ని మంచి నిద్ర అనుకోకండి. లేపినా లేవకపోయినా, పాలు తాగకపోయినా, కామెర్ల పచ్చదనం కాళ్లదాకా కనిపించినా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. పాలపొడి అవసరమా కాదా అన్నది బరువు చూశాక డాక్టరు చెప్పాలి. అవసరమంటే ఉగ్గుగిన్నెతో పట్టండి, అందులో తప్పేమీ లేదు.

ఇక మాత్రలు. పేరు రాయలేదు గానీ, పాల కోసం ఇలా చేతులు మారేది సాధారణంగా డోంపెరిడోన్. అది వాంతులకు ఇచ్చే మందు. పాలు ఊరేలా చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను పెంచుతుంది కనుక కొందరికి వైద్యులు ఆచితూచి రాస్తారు. కొందరిలో ఇది గుండె లయను దెబ్బతీస్తుంది. పాల కోసం వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లోనే హెచ్చరించింది. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్స్ తోడైతే ఆ ప్రమాదం మరింత పెరుగుతుంది. మీకు ఇప్పుడు యాంటీబయాటిక్ రాసే అవకాశం ఉంది. మీరు నోరు విప్పకపోతే ఈ మాత్రల సంగతి రాసే డాక్టరుకు ఎలా తెలుస్తుంది? మీ వదినగారు మీ మేలు కోరే చెప్పి ఉంటారు, కానీ ఆమెకు సరిపడినది మీకూ సరిపడుతుందన్న భరోసా లేదు. డాక్టరును కలిసేదాకా వాటిలో ఇంకొకటి వేసుకోకండి.

సిజేరియన్ తరువాత పాలు పడటం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావడం మామూలే. ఆ తరువాత బిడ్డ ఎంత బాగా చప్పరిస్తే అంత ఊరతాయి. రోజుకు 8 నుంచి 12 సార్లు, నిద్రపోతున్నా లేపి పట్టండి. కుట్ల మీద బరువు పడకుండా పాపను మీ చంక కింద దిండు మీద పడుకోబెట్టుకోండి. నోరు బాగా తెరిచాక, చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా నోట్లోకి వెళ్లాలి; కింది పెదవి బయటికి మడిచి, గడ్డం రొమ్ముకు ఆని ఉండాలి. బాలింతకు నీళ్లు తగ్గించే పథ్యం మీ ఇంట్లో ఉంటే మానేయండి, దాహం వేసినప్పుడల్లా తాగండి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ మాత్రల అట్టను మరచిపోకుండా వెంట తీసుకెళ్లండి.