కజాన్ ఉనిక్స్ బాస్కెట్‌బాల్ క్లబ్ చరిత్ర: 2023 టైటిల్‌ను ఎలా చూడాలి?

మీరు అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. 1991లో మొదలైన కజాన్ జట్టు ఉనిక్స్ రష్యా ఛాంపియన్ కావడానికి 2023 దాకా ఎందుకు పట్టిందన్నది ఒకటి. రష్యా జట్లను ఐరోపా క్లబ్బుల అత్యున్నత పోటీ అయిన యూరోలీగ్ నుంచి పక్కన పెట్టిన తర్వాత వచ్చిన ఆ టైటిల్‌ను అసలు లెక్కలోకి తీసుకోవాలా అన్నది రెండోది. నేను కజాన్‌లో వైద్య విద్య చదివిన ఏళ్లలో ఈ జట్టు ఆటలు హాల్లో కూర్చుని చూశాను. చదువు పూర్తయి వచ్చేశాక కూడా స్కోర్లు చూసే అలవాటు పోలేదు. అందువల్ల ఈ జవాబులో అభిమాని పక్షపాతం కొంత ఉంటుంది. అయినా నా అభిప్రాయం ఇది: ఉనిక్స్ ఆడిన అత్యుత్తమ బాస్కెట్‌బాల్ 2023 నాటిది కాదు, 2011, 2012 నాటిది. కానీ ఆ టైటిల్ దానికి న్యాయంగా దక్కిందే.

క్లబ్ పేరు ‘విశ్వవిద్యాలయం, సంస్కృతి, క్రీడ’ అనే మూడు రష్యన్ మాటల మొదటి అక్షరాలతో ఏర్పడింది. కజాన్ విశ్వవిద్యాలయం ఆవరణలో అదే పేరుతో ఒక సాంస్కృతిక, క్రీడా భవనం ఉంది. భారతీయ విద్యార్థుల పండుగ కార్యక్రమాలకు మేము అక్కడికి వెళ్లేవాళ్లం, కానీ బాస్కెట్‌బాల్ జట్టుకూ ఆ భవనానికీ ఏదో సంబంధం ఉందన్న ఊహ కూడా మాలో చాలామందికి ఉండేది కాదు. జట్టు పుట్టిన సంవత్సరాన్ని గమనించండి. సోవియట్ యూనియన్ విడిపోయిన సంవత్సరం అది. సోవియట్ కాలపు పెద్ద జట్ల వెనుక సైన్యమో, పోలీసు శాఖో, కార్మిక సంఘమో ఉండేది, ఆ వారసత్వం అవి తర్వాత కూడా అనుభవించాయి. ఉనిక్స్‌కు అటువంటి గతమేమీ లేదు. సోవియట్ కాలపు పతకాలు గానీ, పాత తరం వీరుల ఫొటోలు గానీ లేకుండా కింది నుంచి పైకి వచ్చిన జట్టు అది.

విద్యార్థి స్థాయి జట్టు ఐరోపా స్థాయికి చేరడానికి అసలు కారణం టాటర్‌స్తాన్. వోల్గా తీరాన, మాస్కోకు తూర్పున రైలులో ఒక రాత్రి ప్రయాణమంత దూరంలో ఉన్న ఈ గణతంత్రానికి చమురు ఆదాయం ఉంది; దానితో పాటు మాస్కో ముందు తన గుర్తింపును నిలుపుకోవాలన్న పట్టుదల కూడా ఉంది. హాకీలో అక్ బార్స్, 2008, 2009ల్లో రష్యా ఫుట్‌బాల్ ఛాంపియన్ అయిన రుబిన్, వాలీబాల్‌లో జెనిత్ కజాన్, ఇవన్నీ ఆ పట్టుదలలోంచి వచ్చినవే. బాస్కెట్‌బాల్ వంతు ఉనిక్స్‌ది. టాటర్‌స్తాన్ జాతీయ బ్యాంకు అధిపతిగా పనిచేసిన యెవ్‌గేనీ బొగచ్యోవ్ చాలాకాలం క్లబ్ అధ్యక్షుడిగా ఉన్నారు. క్లబ్ నిధులకూ ప్రభుత్వ పెద్దలకూ మధ్య దూరం ఎంత తక్కువో ఆ ఒక్క విషయం చెబుతుంది. దీన్ని ఎత్తిచూపి విమర్శించేవారు ఉన్నారు, ఆ విమర్శలో సబబు కూడా ఉంది. అయితే రష్యాలో ఈ స్థాయి క్లబ్ ఏదీ కేవలం టికెట్ల డబ్బుతో నడవలేదు. దేశంలో అతిపెద్ద జట్టు సీఎస్‌కేఏ మాస్కో వెనుక సైన్యం పేరుతో పాటు నొరీల్స్క్ నికెల్ అనే బ్రహ్మాండమైన గనుల సంస్థ డబ్బు కూడా ఉండేది.

2000 ప్రాంతంలో స్తనిస్లావ్ యెర్యోమిన్ కోచ్‌గా రావడం మొదటి పెద్ద మలుపు. ఆటగాడిగా 1982 ప్రపంచ ఛాంపియన్ అయిన సోవియట్ జట్టు సభ్యుడు, కోచ్‌గా 1996లో సీఎస్‌కేఏను యూరోలీగ్ ఫైనల్ ఫోర్‌కు, అంటే చివరి నాలుగు జట్ల పోటీకి, తీసుకెళ్లినవాడు ఆయన. ఆయన హయాంలో ఉనిక్స్ 2001, 2002ల్లో రష్యా లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. ఆ రెండుసార్లూ ఛాంపియన్‌గా నిలిచింది పెర్మ్ నగరానికి చెందిన ఉరాల్ గ్రేట్. అంటే సీఎస్‌కేఏ బలహీనపడిన ఆ కొద్దిపాటి సందులో కూడా కజాన్‌కు అవకాశం చిక్కలేదు. ఆ తర్వాత ఆ సందు మూసుకుపోయింది. 2003 నుంచి 2021 వరకు సీజన్ పూర్తిగా జరిగిన ప్రతి ఏడాదీ రష్యా ఛాంపియన్ సీఎస్‌కేఏనే. 2020లో కరోనా వల్ల పోటీ మధ్యలోనే ఆగిపోయింది. మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు ఈ లెక్కలోనే దొరుకుతుంది. ఉనిక్స్ 2004లో, 2007లో, 2016లో, 2021లో రెండో స్థానం దాకా వచ్చింది, ప్రతిసారీ ఎదురుగా ఉన్నది అదే జట్టు.

దేశంలో మూసుకుపోయిన దారి ఐరోపాలో మాత్రం తెరుచుకుంది. 2003లో ఉనిక్స్ రష్యన్ కప్ గెలిచింది, అదే ఏడాది నగరంలో బాస్కెట్ హాల్ ప్రారంభమైంది. మరుసటి ఏడాది అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) నడిపే యూరప్ లీగ్ ఫైనల్ ఫోర్ ఆ హాల్లోనే జరిగింది. గ్రీసు జట్టు మరూసీని ఫైనల్లో 87–63తో ఓడించి ఉనిక్స్ తొలి ఐరోపా కప్ అందుకుంది. లిథువేనియాకు చెందిన సౌలియుస్ స్టొంబెర్గాస్, ఎస్తోనియాకు చెందిన మార్టిన్ ముర్‌సెప్ ఆ జట్టులో ఉన్నారు. అది యూరోలీగ్‌తో సమానమైన పోటీ కాదు, కానీ పన్నెండేళ్ల వయసున్న క్లబ్‌కు తక్కువ విజయమేమీ కాదు.

నేను అడుగుపెట్టేనాటికి ఆ హాలు కాస్త పాతబడింది. అయినా శీతాకాలంలో కజాన్‌లో సాయంత్రం గడపడానికి అంతకంటే మంచి చోటు మాకు దొరకలేదు. బయట మంచు గడ్డకట్టి ఉంటుంది. లోపలికి రాగానే బరువైన కోటు తీసి గార్దెరోబ్‌లో (కోట్లు దాచే చోట) అప్పగించాలి, వాళ్లు ఒక నంబరు బిళ్ల ఇస్తారు. ఆట అయ్యాక ఆ బిళ్లలు పట్టుకుని వేలమంది ఒకేసారి వరుసలో నిలబడతారు కనుక, అనుభవం ఉన్నవాళ్లు తేడా పదిహేను పాయింట్లు దాటితే నాలుగో క్వార్టర్ మధ్యలోనే లేచి వెళ్లిపోయేవారు. సీఎస్‌కేఏ వచ్చిన రోజు మాత్రం ఎవరూ లేచేవారు కాదు. విరామంలో బంగాళాదుంప, మాంసం కూరిన ముక్కోణపు ఎచ్‌పొచ్‌మాక్‌లు తింటూ మా టాటర్ సహాధ్యాయి ఒకరు నాకు పిక్ అండ్ రోల్ (బంతి ఉన్నవాడికి తోటి ఆటగాడు అడ్డు నిలిచి దారి చేసి, తానూ బుట్ట వైపు కదిలే ఎత్తు) నేర్పించాడు. క్రికెట్ తప్ప మరో ఆట తెలియని నాకు, బంతి ఎవరి చేతిలో ఉందన్న దానికన్నా బంతి లేనివాడు ఎటు కదులుతున్నాడన్నది ముఖ్యమని మొదటిసారి అర్థమైంది అక్కడే. ఆ దృష్టితో చూడడం మొదలుపెట్టాక నాకు బాగా నచ్చినవాడు ప్యోతర్ సమోయ్లెంకో. పాయింట్లు పెద్దగా వేయడు, గణాంకాల పట్టికలో కనిపించడు, కానీ ఎదుటి జట్టులో బంతిని ముందుకు తెచ్చే గార్డును కోర్టు మధ్య గీత దాటకముందే పట్టుకుని ఇరవై నాలుగు సెకన్లలో ఏడెనిమిది అక్కడే ఖర్చు చేయించేవాడు. 2007లో ఐరోపా ఛాంపియన్ అయిన రష్యా జట్టులో అతనికి చోటు ఎందుకు దక్కిందో టీవీలో కంటే హాల్లో చూస్తేనే తెలుస్తుంది.

2011 సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ క్లబ్ చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది అదే. కోచ్ యెవ్‌గేనీ పషూతిన్ అంతకుముందు ఏడాది సీఎస్‌కేఏను యూరోలీగ్ ఫైనల్ ఫోర్‌కు చేర్చి, ఆ తర్వాత కజాన్ వచ్చాడు. క్రొయేషియా గార్డు మార్కో పొపోవిచ్, పోలండ్‌కు చెందిన పొడవాటి ఆటగాడు మాచెయ్ లాంపె, వ్లదీమిర్ వెరెమెయెంకో, అమెరికాలో పుట్టి రష్యా పౌరసత్వం తీసుకున్న కెల్లీ మెకార్టీ, వీరికి తోడు సమోయ్లెంకో. పేర్లలో ఒక్కటి కూడా అప్పటి యూరోలీగ్ పెద్ద క్లబ్బులు ఎగబడి కొనేది కాదు, కానీ ఎవరి పని ఏదో ఆ జట్టులో అందరికీ తెలుసు. ఏప్రిల్ 17న, ఇటలీలోని ట్రెవీజోలో జరిగిన యూరోకప్ (యూరోలీగ్ తర్వాతి స్థాయి పోటీ) ఫైనల్లో స్పెయిన్‌లోని సెవియా జట్టు కహసోల్‌ను 92–77తో ఓడించారు. పొపోవిచ్ ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. ఆ ఆటను హాస్టల్‌లో ఒకే లాప్‌టాప్ ముందు గుమిగూడి చూశాము. మాలో సగం మందికి నియమాలు తెలియకపోయినా కజాన్ పేరు తెర మీద కనబడితే చాలన్నంత ఉత్సాహం ఉండేది.

యూరోకప్ విజేతగా ఉనిక్స్‌కు 2011–12 యూరోలీగ్‌లో చోటు లభించింది. మొదటిసారి ఆడుతున్న జట్టు సాధారణంగా మొదటి దశలోనే ఇంటిముఖం పడుతుంది. ఉనిక్స్ మొదటి దశ దాటింది, పదహారు జట్ల రెండో దశ (టాప్ 16) దాటింది, క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది. అక్కడ స్పెయిన్ గార్డు నవారో ఉన్న బార్సిలోనా చేతిలో 0–3తో ఓడింది. మూడో ఆట కజాన్‌లో జరిగింది. సిరీస్ చేజారిందని తేలిపోయాక కూడా ఆ రోజు గార్దెరోబ్ వైపు ఎవరూ పరుగెత్తలేదు. ఐరోపాలోని మొదటి ఎనిమిది జట్లలో ఒకటిగా నిలిచిన ఆ సీజన్‌ను క్లబ్ చరిత్రలో శిఖరంగా నేను లెక్కిస్తాను, దానికి కప్పు ఏదీ రాకపోయినా సరే.

ఆ తర్వాతి దశాబ్దాన్ని క్లుప్తంగా ముగించవచ్చు. 2014లో మరో యూరోకప్ ఫైనల్ ఆడి వాలెన్సియా చేతిలో ఓడిపోయింది. 2016–17లో మళ్లీ యూరోలీగ్‌కు వెళ్లింది. అప్పటికి అందరూ అందరితో ఆడే 30 ఆటల పద్ధతి వచ్చింది. కీత్ లాంగ్‌ఫోర్డ్ ఆ సీజన్‌లో లీగ్ మొత్తంలోనే అత్యధిక సగటుతో పాయింట్లు సాధించాడు, జట్టు మాత్రం పట్టికలో చివరి స్థానాల్లో తేలింది. ఒక్కడి భుజాల మీద నడిచే జట్టుకూ 2011 నాటి జట్టుకూ తేడా ఏమిటో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకదు. 2021లో యూరోకప్ ఫైనల్లో మొనాకో చేతిలో 0–2తో ఓడినా, ఫైనల్ చేరినందుకు తిరిగి యూరోలీగ్ చోటు దక్కింది.

2021–22 జట్టు చాలా బాగుండేది. కోచ్ వెలిమిర్ పెరాసోవిచ్. ఆటగాళ్లలో మారియో హెజోన్యా, లొరెంజో బ్రౌన్ ఉన్నారు. ఉక్రెయిన్‌పై రష్యా దాడి మొదలైన కొద్ది రోజులకే, 2022 ఫిబ్రవరి 28న, యూరోలీగ్ మూడు రష్యా క్లబ్బులను, అంటే సీఎస్‌కేఏ, సెయింట్ పీటర్స్‌బర్గ్ జట్టు జెనిత్, ఉనిక్స్‌లను సస్పెండ్ చేసింది. తర్వాత వాటి ఫలితాలను పట్టికలోంచి తొలగించింది. విదేశీ ఆటగాళ్లు చాలామంది వెళ్లిపోయారు. ఆ వేసవిలో హెజోన్యా రియల్ మాడ్రిడ్‌లో చేరాడు. దేశీయ ఛాంపియన్‌షిప్‌గా కూడా లెక్కకు వచ్చే వీటీబీ యునైటెడ్ లీగ్ నుంచి ఎస్తోనియా, పోలండ్ జట్లు తప్పుకున్నాయి. ఆ వసంతంలోనే జెనిత్ ఫైనల్లో 1–3తో వెనుకబడి కూడా 4–3తో సీఎస్‌కేఏను ఓడించి ఆ సుదీర్ఘ ఆధిపత్యానికి తెర దించింది. ఆ మరుసటి ఏడాది, 2023లో, పెరాసోవిచ్ జట్టు ఫైనల్లో సీఎస్‌కేఏను ఓడించి ఉనిక్స్‌కు తొలి రష్యా టైటిల్ తెచ్చింది.

ఇక విలువ మాట. ఆ టైటిల్ తక్కువదని అనేవారి వాదనను నేను పూర్తిగా కొట్టిపారేయను. ఐరోపా స్థాయి ఆటగాళ్లు లేని లీగ్‌లో ఆట నాణ్యత తగ్గింది, 2012లో బార్సిలోనాతో తలపడిన జట్టు ప్రమాణానికి అది దూరం. యుద్ధం కారణంగా కుదించుకుపోయిన పోటీని మామూలు పోటీలాగా చూడమని అడగడం కూడా న్యాయం కాదు. కానీ ఫైనల్లో ఎదుట నిలిచినది ఊరూ పేరూ లేని జట్టు కాదు, సీఎస్‌కేఏ. విదేశీయులను కోల్పోయిన దెబ్బ ఇద్దరికీ ఒకేలా తగిలింది, డబ్బు విషయంలో మాస్కో జట్టు ఏమాత్రం వెనుకబడలేదు. పైగా మరుసటి ఏడాదే సీఎస్‌కేఏ టైటిల్‌ను వెనక్కి తీసుకుంది, అంటే ఆ జట్టు కుప్పకూలలేదు కూడా. కాబట్టి రష్యాలో ఎవరు మేలన్న కొలతకు 2023 టైటిల్ సరిపోతుంది. ఐరోపాలో ఉనిక్స్ స్థానం ఏమిటన్న కొలతకు సరిపోదు. ఆ రెండో సంగతి తెలుసుకోవాలనుకుంటే, 2011 ట్రెవీజో ఫైనల్ వీడియో ఎక్కడైనా దొరికితే ముందు మొదటి క్వార్టర్ చూడండి, బంతి లేని ఆటగాళ్ల కదలికను గమనించండి.