క్యోటోలో పాత కిమోనో కొనేముందు

చి. ల. సౌ. అమ్ములుకి, అత్తయ్య ఆశీస్సులు.

జపాన్‌లో క్యోటో వెళ్తున్నావనీ, అక్కడివాళ్లు సంప్రదాయంగా కట్టుకునే కిమోనో, పాతది ఒకటి కొనుక్కోవాలని ఉందనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కొత్త పట్టు కిమోనో మనకి అందే ధర కాదు. పాతవి వెయ్యి, రెండు వేల యెన్‌ల నుంచీ దొరుకుతాయి.

వీలైతే నీ ప్రయాణంలో 21 గానీ 25 గానీ పడేలా చూసుకో. ప్రతి నెలా 21న తోజీ గుడి ఆవరణలో, 25న కితానో తెన్‌మాంగూ గుడి దగ్గర సంత జరుగుతుంది. పొద్దున్నే వెళ్లు. ఎండ వెలుగులో బట్ట ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది.

పువ్వులూ కొంగలూ చూసి మురిసిపోకముందే తిరగేసి లైనింగ్ చూడు. తెల్ల లైనింగ్ మీద గోధుమరంగు చుక్కలుంటే తేమ పట్టిందన్నమాట. తర్వాత మెడపట్టీ, చేతుల అంచులు, కింది అంచు. వెనక, కూర్చునే చోట కుట్టుకి అటూ ఇటూ పట్టుకుని మెల్లగా లాగు. పోగులు విడిపోతుంటే పట్టు చివికిపోయినట్టే, ఎంత చవకగా ఇచ్చినా వద్దు. మన మైలాపూర్ ఇంట్లో నానమ్మ కంచిపట్టు చీరలు తీసినప్పుడు ముందు మడతలే చూసేవాళ్లం కదా, ఇక్కడా మడతలు వదలకు. వాసన కూడా చూడు. కర్పూరం వాసనైతే నీడలో ఆరేస్తే పోతుంది. బూజు వాసన ఓ పట్టాన వదలదు.

నువ్వు పొడగరివి, అసలు చిక్కు అక్కడే. ఆడవాళ్ల కిమోనో పొడవు దాదాపు మనిషి ఎత్తంత ఉండాలి, మిగిలింది నడుం దగ్గర మడిచి కడతారు. వెనక మెడ ఎముక నుంచి భుజం మీదుగా మణికట్టు దాకా ఉండే కొలతని యుకీ అంటారు. పాతవాటిలో చాలావాటికి అది 62, 63 సెంటీమీటర్లే. కుట్టు విప్పి, లోపల మడిచిన బట్టతో పొడవు పెంచుకోవచ్చు అంటారు గానీ, వెలిసిన రంగుకీ వెలవని రంగుకీ మధ్య గీత పడిపోతుంది.

ఏ పూవూ లేకుండా పూర్తి నలుపులో, ఐదు చోట్ల తెల్లటి వంశ చిహ్నాలు ఉన్నది కొనకు. అది చావింటికి కట్టుకునేది. ఏది కట్టినా ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వేసేది శవానికి. ఫోటో కోసమైనా అలా కట్టుకోకు తల్లీ, అక్కడి పెద్దవాళ్ల మనసు నొచ్చుకుంటుంది.

నన్నడిగితే పట్టు కిమోనో కన్నా హావోరి తెచ్చుకో. ముందు తెరిచి ఉండే పైకోటు అది, పొట్టిదైనా ఇబ్బంది లేదు, కుర్తా మీదా జీన్స్ మీదా వేసుకోవచ్చు. చెన్నై ఎండకి యుకతా, అంటే వేసవిలో కట్టుకునే పల్చటి నూలు కిమోనో, ఇంకా హాయి, ఇంట్లోనే ఉతుక్కోవచ్చు. పట్టుదే కావాలనిపిస్తే దాన్ని ప్లాస్టిక్ కవర్లో మాత్రం పెట్టకు. మల్లు గుడ్డలో చుట్టి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే వానలు తగ్గాక ఓసారి నీడలో ఆరేయి. జపాన్‌లోనూ పొడి వాతావరణంలో ఇలాగే బట్టలు ఆరేస్తారు.

ఈ ఆదివారం ఇంటికి రా. నీ యుకీ కొలిచి సెంటీమీటర్లలో రాసిస్తాను, ఒక చిన్న టేపు కూడా బ్యాగులో వేసుకుందువుగాని.

అత్తయ్య