పాత మిలిటరీ మౌజర్ కొని వేట రైఫిల్‌గా మార్చుకోవచ్చా? నేను చేసిన అనుభవంతో చెప్తున్నా

తమ్ముడూ, నువ్వు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఆస్టిన్ దగ్గర ఉంటున్నావు, పోయినేడు గ్రీన్ కార్డ్ వచ్చింది, ఎస్టేట్ సేల్‌లో పాత మౌజర్ (జర్మన్ డిజైన్ సైన్యం రైఫిల్) ఒకటి 300 డాలర్లకి దొరుకుతోంది, ఇంకో 600 పెట్టి బ్యారెల్ కోయించి స్కోప్ పెట్టి నవంబర్‌లో జింకల సీజన్‌కి రెడీ చేస్కోవచ్చా అని. చెయ్యొచ్చు. కానీ 600లో అవ్వదు, నవంబర్‌కీ అవ్వదు, ఈ రెండింటికంటే ముందు అసలు ఆ తుపాకీ కొయ్యదగ్గదేనా అన్నది చూడాలి. నేను ఈ పని ఒకసారి మొదట్నించి చివరిదాకా చేశా, 14 నెలలు పట్టింది, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు చట్టం సంగతి. నీకు గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి నీకు ఇబ్బంది లేదు. కానీ ఇది చదివే మనోళ్ళలో హెచ్-1బి మీద ఉన్నోళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళకోసం చెప్తున్నా: ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నోళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ దానిమీద ఎవరో ఏదో అన్నారని పోవద్దు, ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే ముట్టుకోండి. స్టేటస్‌తో ఆటలొద్దు. టెక్సాస్‌లో అయితే 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినోళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఉండాలి, అది ఇప్పుడే చేసేయ్, తుపాకీ ఎక్కడికీ పోదు.

ఇక అసలు విషయం. యాక్షన్ అంటే బ్యారెల్, చెక్క తీసేశాక మిగిలే ఇనుప గుండెకాయ, బ్యారెల్ బిగించే రిసీవరూ బోల్టూ ట్రిగ్గరూ అన్నీ కలిపి. బోల్ట్ పని మన పాత తలుపు గడియ పనే, పైకెత్తి వెనక్కి లాగి ముందుకి తోసి కిందికి దించితే తూటా వెనక బిగుసుకుపోద్ది. 1898లో జర్మన్ సైన్యం తీసుకున్న మౌజర్ 98లో ఈ గడియకి ముందు రెండు పళ్ళు, అవి ఎప్పుడన్నా విరిగితే ఆపడానికి వెనక మూడోది ఉంటాయి. పక్కన పొడుగాటి గోరులాంటి ఎక్స్‌ట్రాక్టర్ ఉంటది, మ్యాగజైన్‌లోంచి (తూటాలుండే పెట్టె) తూటా పైకి వస్తూనే దాని అంచు పట్టేసుకుని, ఖాళీ డొప్ప బయటికి విసిరేదాకా వదలదు. తూటా లోపల పగిలితే గ్యాస్ పక్కకి పోవడానికి బోల్ట్‌కి బెజ్జాలు, అది కంటిమీదికి రాకుండా వెనక వెడల్పాటి అంచు కూడా పెట్టాడు పాల్ మౌజర్. 125 ఏళ్ళు దాటినా ఇప్పటికీ ఖరీదైన వేట రైఫిళ్ళు ఈ పద్ధతిలోనే కడుతున్నారంటే అందుకే. పులుల వేటగాడు జిమ్ కార్బెట్‌కి 1907లో బహుమతిగా ఇచ్చిన .275 రైఫిల్ కూడా మౌజర్ యాక్షన్ మీద రిగ్బీ అనే తుపాకుల కంపెనీ వాళ్ళు కట్టిందే. అమెరికా మాజీ ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకి పట్టుకెళ్ళిన వాటిలో ఒకటి అమెరికా సైన్యం రైఫిల్ 1903 స్ప్రింగ్‌ఫీల్డ్‌ని వేటకి తగ్గట్టు చేయించుకున్నది. అంటే సైన్యం రైఫిల్‌ని అడివికి పట్టుకెళ్ళడం నిన్న మొన్నటి సరదా కాదు, రెండు ప్రపంచ యుద్ధాల తర్వాత అమెరికాలో ఇంటికొచ్చిన సైనికులు ఇదే చేశారు, అప్పుడు కొత్త రైఫిల్ కొనడం కన్నా ఇది చౌక కాబట్టి.

ఇప్పుడు అది చౌక కాదు. ఇంకో సంగతి, అప్పట్లో గుట్టలు గుట్టలుగా ఉన్నవి ఇప్పుడు లేవు. అందుకే నా మాట ఒక్కటే: భాగాల మీద కొట్టిన సీరియల్ నంబర్లన్నీ కలిసిన, చెక్క చెక్కుచెదరని, ఎవరూ ముట్టుకోని రైఫిల్ దొరికితే దాన్ని దయచేసి కొయ్యొద్దు. ఒకసారి బ్యారెల్ మీద రంపం పడితే, రిసీవర్ వెనక భాగం మీద స్కోప్‌కి బెజ్జాలు పడితే అది మళ్ళీ ఎప్పటికీ అది కాదు. కలెక్టర్‌కి నువ్వు అనుకున్నదానికి రెండింతలకి పోవచ్చు, ఆ డబ్బుతో మంచి వేట రైఫిల్ కొనుక్కోవచ్చు. కట్టాలనే ఉంటే 1950ల్లో 60ల్లో ఎవరో ఆల్రెడీ కోసేసినవి గన్ షోల్లో, తాకట్టు షాపుల్లో మూలన పడుంటాయి, అలాంటిది తీసుకో.

నాకు దొరికింది అలాంటిదే, యుగొస్లావియా ఎం24/47, అంటే 1924 మోడల్‌ని రెండో యుద్ధం తర్వాత క్రాగుయెవాట్స్‌లో మళ్ళీ బాగుచేసింది. 180 డాలర్లు. ముందు చెక్క ఎవరో కోసేశారు, బ్యారెల్ లోపల చూస్తే గుంటలు గుంటలు. సైన్యం మిగులు పాత తూటాల ప్రైమర్‌లో (తూటాని అంటించే మందు) ఒక రకం ఉప్పు ఉంటది, కాల్చాక అది గొట్టంలో మిగిలి మన వంటింటి ఉప్పులాగే గాల్లో తేమ పీల్చుకుంటది, దాన్ని నీళ్ళతో కడిగితేనే పోద్ది, ఒట్టి నూనె రాస్తే పోదు. ఎవరో కడగలేదు, అంతే. బ్యారెల్ పోయినా యాక్షన్ బాగుంది, నాకు కావల్సింది అదే.

ఇక్కడ ఒక పొరపాటు చేశా, నువ్వు చెయ్యకు. మౌజర్ 98కి అని రాసున్న, సగం చెక్కిన వాల్‌నట్ స్టాక్ (తుపాకీని బిగించే చెక్క) ఒకటి తెప్పించా. వచ్చాక చూస్తే కింద రెండు స్క్రూల బెజ్జాలు కలవట్లేదు. యుగొ యాక్షన్ మామూలు 98 కన్నా పావంగుళం పొట్టి, దాన్ని ఇంటర్మీడియట్ అంటారు, దానికి స్టాక్ వేరు. వాపస్ పంపి మళ్ళీ తెప్పించుకునేసరికి రెండు నెలలు. అదే లెక్క తూటాకి కూడా వర్తిస్తది, ఆ పొట్టి యాక్షన్‌లో .30-06 అనే పొడుగు తూటా ఇరికించడం అనవసరపు తలనొప్పి. నీది చెక్ వాళ్ళ వీజెడ్24 మౌజర్ లాంటి ఫుల్ సైజు అయితే .30-06 గురించి ఆలోచించొచ్చు, దానికి కూడా మ్యాగజైన్ దగ్గర పని పడుద్ది. నేను 7×57 అనే తూటా ఎంచుకున్నా, కార్బెట్ .275 అన్నా అదే తూటా. 1890ల నాటిది, భుజానికి తన్ను మెత్తగా ఉంటది, జింకకి దిట్టంగా సరిపోద్ది, పైగా మ్యాగజైన్ అసలు ఆ కుటుంబం తూటాల కోసమే చేసింది కాబట్టి ఏమీ అరగదీయకుండానే సాఫీగా లోపలికెళ్ళింది.

బ్యారెల్ పని ఇంట్లో చెయ్యొద్దు. వీడియోలు చూసి నాకూ చెయ్యాలనిపించింది, చెయ్యలేదు, మంచిదైంది. తూటా బోల్ట్‌కీ చాంబర్‌కీ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) మధ్య ఎంత బిగువుగా కూర్చోవాలో దాన్ని హెడ్‌స్పేస్ అంటారు, అది వెంట్రుకవాసి తేడాల లెక్క. దానికి రెండు గేజ్‌లు ఉంటాయి, గో గేజ్ పెడితే బోల్ట్ మూసుకోవాలి, నో-గో పెడితే మూసుకోకూడదు. ఎక్కువైతే డొప్ప పగిలి ఆ గ్యాస్ నీ మొహం వైపుకి వస్తది. పాత మౌజర్ రిసీవర్లు లోపల మెత్తటి స్టీలు, పైన పల్చటి గట్టి పొర. ఆ పొరని ఎవడన్నా అరగదీసినా, వేడి చేసినా, పళ్ళు ఆనే చోట సొట్ట పడతా పోద్ది, హెడ్‌స్పేస్ పెరుగుతా పోద్ది. అందుకే ఎవరో ముందే కెలికిన యాక్షన్ కొంటే ఫస్ట్ గన్‌స్మిత్‌కి (తుపాకులు బాగుచేసేవాడికి) చూపించి, పళ్ళు ఆనే చోటు పరీక్ష చేయించాకే మిగతా ఖర్చు పెట్టు.

మౌజర్ కాకుండా 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ దొరికితే ఇంకో జాగ్రత్త. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో చేసినవి 800,000 కంటే తక్కువ నంబరు, రాక్ ఐలాండ్‌లో చేసినవి 285,507 కంటే తక్కువ నంబరు ఉంటే వాటిమీద ఏమీ కట్టొద్దు, కాల్చొద్దు కూడా. అప్పట్లో స్టీలు ఎంత కాలిందో పనివాళ్ళు రంగు చూసి కంటితో అంచనా వేసేవాళ్ళు, ఎండ ఉన్న రోజు ఒకలా మబ్బు రోజు ఒకలా కనపడేది, కొన్ని ఎక్కువ కాలి గాజులాగా పెళుసెక్కాయి. ఏది మంచిదో ఏది చెడ్డదో బయటినుంచి చూసి చెప్పలేం. గోడకి పెట్టుకో చాలు.

బోల్ట్ హ్యాండిల్ దగ్గర నాకు బాగా దెబ్బ తగిలింది. సైన్యం హ్యాండిల్ పక్కకి తిన్నగా పొడుచుకొచ్చి ఉంటది, పైకెత్తితే స్కోప్‌కి తగులుద్ది, కాబట్టి దాన్ని కోసి కిందికి వంగింది వెల్డ్ చెయ్యాలి. దగ్గర్లో ఉన్న ఒకాయనకి ఇచ్చా, పేరు చెప్పను. వేడి బోల్ట్ లోపలికి పాకకుండా చెయ్యాల్సిన ఏర్పాటు ఆయన చేసినట్టు లేడు, తిరిగి వచ్చినప్పుడు బోల్ట్ మీద నీలం రంగు చాలా దూరం పాకి ఉంది. హ్యాండిల్ ఎత్తేటప్పుడు ఫైరింగ్ పిన్‌ని వెనక్కి నెట్టే ఏటవాలు చోటు మెత్తబడిపోయింది, పాతిక సార్లు తిప్పేసరికి గీత పడింది. ఇంకొకాయన, రిటైరైన మెషినిస్టు, చూసి తల అడ్డంగా ఊపి ఈ బోల్ట్ పక్కన పెట్టేయ్ అన్నాడు. ఇంకో బోల్ట్ 90 డాలర్లు పెట్టి కొన్నా, హ్యాండిల్ పని ఆయనే చేశాడు, కొత్త బ్యారెల్‌ని ఆ బోల్ట్‌తోనే కొలిచి చాంబర్ పూర్తిచేశాడు. గుర్తుపెట్టుకో, బోల్ట్ మార్చిన ప్రతిసారీ హెడ్‌స్పేస్ మళ్ళీ చూడాల్సిందే. స్కోప్ బెజ్జాలు కూడా ఆయన చేతే వేయించా, ఆ గట్టి పొర మీద మామూలు డ్రిల్ బిట్ నిలవదు, బెజ్జంలో మరలు కోసే ట్యాప్ లోపల విరిగితే ఇక ఏడుపే. సేఫ్టీ కూడా మార్చాలి, సైన్యందానికి జెండాలాగా పైకి లేచే రెక్క ఉంటది, కిందికి పెట్టిన స్కోప్ దాన్ని కదలనివ్వదు. నేను పక్కన సేఫ్టీ ఉన్న టిమ్నీ కంపెనీ ట్రిగ్గర్ వేయించా.

చెక్క పని మాత్రం నేనే చేశా, ఈ 14 నెలల్లో నాకు నిజంగా మిగిలింది అదే. మా తాత వడ్రంగి. గుమ్మం చట్రం బిగించేటప్పుడు ఒక చెక్కకి జాజు పూసి రెండోదాంట్లో దూర్చి తీసేవాడు, ఎర్రగా అంటుకున్న చోటే ఉలితో కొంచెం కొంచెం తీసేవాడు. ఇక్కడ కూడా అచ్చం అదే, రిసీవర్‌కి దీపం మసి పూసి స్టాక్‌లోకి దించి తీస్తే ఎక్కడ ఆనుతుందో నల్లగా కనపడుద్ది, అంతవరకే గీకాలి, మళ్ళీ దించాలి. రాత్రిళ్ళు పిల్లలు పడుకున్నాక గ్యారేజీలో కూర్చుని ఒక్కోరోజు అరగంట, ఒక్కోరోజు రెండు గంటలు, దాదాపు రెండు వందల సార్లు దించి తీసుంటా. తొందరపడి ఎక్కువ గీకితే మళ్ళీ చెక్క రాదు. ముఖ్యమైన చోటు రిసీవర్ కింద ముందున్న పన్ను లాంటి రీకాయిల్ లగ్, తన్ను మొత్తం దానిమీదే పడుద్ది, దాని వెనక చెక్క సరిగ్గా ఆనకపోతే దెబ్బ యాక్షన్ వెనక తోక మీద పడి స్టాక్ మణికట్టు (చేత్తో పట్టుకునే సన్నటి చోటు) దగ్గర చీలిపోద్ది. అక్కడ ఎపాక్సీ (గట్టి జిగురు) వేశా, వేసేముందు ఇనుముకి రిలీజ్ ఏజెంట్ రెండు సార్లు పూశా, మర్చిపోతే యాక్షన్ చెక్కకి శాశ్వతంగా అతుక్కుపోద్ది. తర్వాత ఉప్పుకాగితం నంబరు పెంచుకుంటా పోయి, ఉడికించిన అవిసె నూనె పల్చగా పన్నెండు పూతలు. నూనె గుడ్డలు ఉండ చేసి పడెయ్యొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, విడిగా పరిచి ఆరబెట్టు.

ఖర్చు మొత్తం, వేస్ట్ అయిన బోల్ట్‌తో కలిపి, స్కోప్ కాకుండా 1550 డాలర్లు. 500-600కి షాపులో కొత్త రైఫిల్ వస్తది, గురి నాదానికంటే మెరుగ్గానే ఉండొచ్చు. నేను రేపు అమ్మితే సగం కూడా రాదు, అది తెలిసే చేశా. రెండేళ్ళ కింద లానో కౌంటీలో ఒక రాంచ్‌లో, పొద్దున మంచు ఇంకా గడ్డిమీద ఉండగానే, వంద గజాల్లోపు ఒక మగ జింకని 140 గ్రెయిన్ల బరువున్న తూటాతో కొట్టా, అక్కడికక్కడే పడింది, మాంసం నాలుగు ఇళ్ళకి పంచాం. బోల్ట్ వెనక్కి లాగినప్పుడు ఆ డొప్ప నెమ్మదిగా ఎగిరి గడ్డిలో పడింది, అది ఇంకా నా డెస్క్ మీద ఉంది.

కింద కామెంట్లో ఒకరు ఇండియాలో ఇది చెయ్యొచ్చా అని అడిగారు. వద్దండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అక్కడ సరదా కోసం వేట కుదరదు, ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ మార్చడానికి కూడా లైసెన్స్ కావాలి, సైన్యం వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ .303 రైఫిల్ మామూలు జనానికి నిషేధం. మన ఊళ్ళలో లైసెన్స్ ఉన్నోళ్ళ దగ్గర కనపడే .315 రైఫిల్ ఉంది చూడండి, అది ఆ లీ-ఎన్‌ఫీల్డ్ యాక్షన్ మీదే ఫ్యాక్టరీలో వేరే తూటాకి చేసింది. అది ఉంటే అలాగే ఉంచండి.

తమ్ముడూ, డబ్బులిచ్చే ముందు ఒక పని చెయ్యి. బ్యారెల్ మొదలయ్యే చోట రిసీవర్ పైన ఉన్న ముద్ర, ఎడమ పక్క రాతలు, రిసీవర్ మీదా బోల్ట్ మీదా నంబర్లు ఫోటో తీసి పెట్టు, నంబర్ల చివరి అంకెలు కప్పేసి, కలిసాయో లేదో మాత్రం రాయి. కలిసి ఉండి చెక్క కూడా ఒరిజినల్ అయితే కొనుక్కుని అలాగే దాచుకో, లేదంటే యాక్షన్ పొడుగు కొలిచి చెప్పు, ఏ తూటా సరిపోద్దో అప్పుడు చూద్దాం.