వాసన జాడ పట్టాలంటే

అమ్మాయీ, ఆశీస్సులు.

కాలనీలో కంపు వస్తోందని ఫిర్యాదు వచ్చిందనీ, రేపే గాలి శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపుతాననీ రాశావు. తొందరపడకు తల్లీ. కంపు లేని వేళ పట్టిన గాలిలో ఎంత మంచి మిషన్‌కైనా ఏం దొరుకుతుంది? ముందు అక్కడ ఉండే నలుగురైదుగురికి తలా ఒక నోట్‌బుక్ ఇవ్వు. వాసన ఎప్పుడు మొదలైంది, ఎంతసేపుంది, గాలి ఎటునుంచి వీస్తోంది, అది దేనిలా ఉంది అన్నవి రాయమను. ఒట్టి "కంపు" అంటే చాలదు. కుళ్ళిన కోడిగుడ్డులా ఉంటే హైడ్రోజన్ సల్ఫైడ్, చేపల నీచులా ఉంటే ట్రైమిథైల్ అమీన్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఏ పరీక్ష అడగాలో అక్కడే సగం తేలిపోతుంది.

శాంపిల్ ఒక్కటి తీస్తే పనికిరాదు. వాసన బాగా వస్తున్న పూటే ఫిర్యాదు ఉన్న చోట ఒకటి, గాలికి ఎగువన, అంటే గాలి వచ్చే వైపున ఒకటి, అనుమానమున్న ప్రతి మూలం దగ్గరా ఒక్కొక్కటి తియ్యి. ఎగువ గాలిలోనూ అవే రసాయనాలు అదే మోతాదులో ఉంటే నువ్వు అనుమానించిన చోటు కారణం కాదన్నమాట. దేనిలో పట్టాలో ముందే ల్యాబ్‌వాళ్లకి ఫోన్ చేసి కనుక్కో. గంధకం ఉన్న వాయువులు మామూలు లోహపు క్యానిస్టర్ (గాలి పట్టే డబ్బా) గోడలకి అంటుకుపోతాయి. వాటికి లోపల పూత వేసిన క్యానిస్టర్ గానీ టెడ్లార్ బ్యాగ్ (గాలి పట్టే ప్రత్యేకమైన ప్లాస్టిక్ సంచి) గానీ కావాలి. బ్యాగ్‌కి ఎండ తగలనివ్వకు, 24 గంటల్లోపు ల్యాబ్‌కి చేర్చు.

రిపోర్ట్ వచ్చాక చాలామంది గ్రాఫ్‌లో పెద్ద పీక్ (ఎక్కువ మోతాదు చూపే ఎత్తైన శిఖరం) చూసి అదే దొంగ అనేస్తారు. నాకు బాగా బాధ కలిగించేది ఇదే, దీనివల్ల సంబంధం లేనివాళ్ల మీద నింద పడుతుంది. పెయింట్ థిన్నర్లలో ఉండే టొలీన్ 40 పీపీబీ (వంద కోట్ల భాగాల గాలిలో 40 భాగాలు), గంధకం ఉన్న మిథైల్ మెర్కాప్టాన్ 1 పీపీబీ వచ్చాయనుకో. టొలీన్ మన ముక్కుకి తెలియాలంటే సుమారు 330 పీపీబీ ఉండాలి, మెర్కాప్టాన్‌కి 0.07 చాలు. అంటే కంపంతా ఆ చిన్న పీక్‌దే! అందుకే ప్రతి అంకెనీ దాని వాసన తెలిసే కనీస మోతాదుతో భాగించి చూడు. ఇంకోటి, ల్యాబ్ 5 పీపీబీ కన్నా తక్కువ కొలవలేకపోతే మెర్కాప్టాన్ ఎదురుగా ఉన్నా "కనబడలేదు" అనే రాస్తారు. కొలవగలిగే కనీస పరిమితి ఎంతో శాంపిల్ పంపకముందే అడుగు. క్రోమటోగ్రాఫ్ (రసాయనాలను విడదీసి చూపే మిషన్) చివర మనిషి ముక్కుతో వాసన చూసే ఏర్పాటున్న ల్యాబ్ దొరికితే అక్కడే చేయించు. ఏ పీక్ వచ్చినప్పుడు ఏ వాసన వచ్చిందో నేరుగా తెలుస్తుంది.

మురుగు మ్యాన్‌హోళ్ల దగ్గర మాత్రం వంగి వాసన చూడకు. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 100 భాగాలు) దాటితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. పోయిందనుకుని ఇంకా దగ్గరికి వెళ్తావు. గ్యాస్ మీటర్ చేతిలో లేకుండా, తోడు ఒక మనిషి లేకుండా అక్కడికి అడుగుపెట్టకమ్మా.