కరెంటు పోయి వచ్చాక లైనక్స్‌లో సర్వీస్ తనంతట తానే ఎందుకు మొదలవదు?

సర్వీస్‌ను, అంటే తెర వెనక నడిచే ప్రోగ్రామ్‌ను, స్టార్ట్ చేశారు గానీ ఎనేబుల్ చేయలేదు కాబట్టి. ఇప్పుడు చాలా లైనక్స్‌లలో బూట్ అయ్యేటప్పుడు, అంటే కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు, సర్వీసులను లేపేది సిస్టమ్‌డీ అనే ప్రోగ్రామ్. దాని ప్రాసెస్ నంబరు 1, అంటే మిగతా ప్రోగ్రామ్‌లకంటే ముందు మొదలయ్యేది అదే. 'స్టార్ట్' అన్న కమాండు ఆ పూటకే. 'ఎనేబుల్' చేస్తే మాత్రం, సాధారణంగా 'మల్టీ-యూజర్.టార్గెట్.వాంట్స్' అనే ఫోల్డర్‌లో ఆ సర్వీస్ ఫైలుకు ఒక లింకు పడుతుంది. బూట్‌లో సిస్టమ్‌డీ చూసేది ఆ లింకునే. ఇంత చిన్న సంగతి తెలియక ఎంతమంది గంటలు పోగొట్టుకుంటారో!

పర్లాకిమిడిలో ఒక కిరాణా షాపు అనుకోండి. బిల్లింగ్ వెనక మరియాడీబీ అనే డేటాబేస్ నడుస్తోంది, పొద్దున చేత్తో స్టార్ట్ చేసిందే. మధ్యాహ్నం గాలివానకు కరెంటు పోయింది. మళ్లీ ఆన్ చేస్తే స్క్రీన్ మీద 'కనెక్షన్ ఎర్రర్', కౌంటర్ ముందు జనం, ఒకటే టెన్షన్. 'సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ మరియాడీబీ' అని ఒక్కసారి కొడితే సర్వీస్ అప్పుడే లేస్తుంది, ఇకపై ప్రతి బూట్‌లోనూ లేస్తుంది.

చాలామంది పొరబడేది 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్' కమాండు దగ్గర. అక్కడ పచ్చగా 'యాక్టివ్' అని కనిపిస్తే రేపూ లేస్తుందనుకుంటారు. అది ఇప్పటి మాట. రేపటి సంగతి పై లైనులోని 'ఎనేబుల్డ్' చెబుతుంది. మధ్యలో క్రాష్ అయితే తిరిగి లేపడం వేరే పని, దానికి సర్వీస్ ఫైలులో 'రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్' లాంటి లైను ఉండాలి.